అజ్టెక్ రాజకుమారుల బడి గురించి షేర్ అవుతున్నది నిజం కాదు

అజ్టెక్ (స్పానిష్ వాళ్లు రాకముందు మధ్య మెక్సికోను ఏలినవాళ్లు) నేపథ్యంతో వచ్చే ఫాంటసీ కథలు చదివేవాళ్ల మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. “ఆ కథల్లోని అకాడమీ ఊరికే పుట్టలేదు, అజ్టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో నిజంగానే కాల్మెకాక్ అనే బడి ఉండేది, పెద్దింటి పిల్లలకే ప్రవేశం, బతుకు దర్జా, చదువంటే యుద్ధం, నరబలి, అంతే. పుస్తకాలే లేవు” అని. బడి ఉన్నది నిజమే. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

దర్జా అన్నదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. సహగూన్ అనే స్పానిష్ క్రైస్తవ (ఫ్రాన్సిస్కన్) సన్యాసి 16వ శతాబ్దంలో అక్కడి పెద్దల్ని అడిగి తెలుసుకుని 12 సంపుటాల గ్రంథం తయారుచేశాడు, ఇప్పుడు ఫ్లోరెంటైన్ కోడెక్స్ అంటున్నది అదే. అందులో మూడో సంపుటం చివర ఈ బడి నియమాలున్నాయి. తెల్లవారకముందే లేచి ఊడవాలి, అడవి నుంచి కట్టెలు మోసుకురావాలి, ఇటుకల పనో పొలం పనో ఉంటే అందరూ వెళ్లాలి. రాత్రయితే ఒక్కొక్కరే శంఖం, ధూపం, కిత్తనార ముళ్లు పట్టుకుని చీకట్లో దూరం నడిచి వెళ్లి రక్తం అర్పించి రావాలి. అర్ధరాత్రి ప్రార్థనకు లేవకపోతే చెవులూ తొడలూ గుచ్చేవాళ్లు. ఇంటి నుంచి తిండి వస్తే ఒక్కడే తినడానికి లేదు, అందరూ పంచుకోవాల్సిందే. కల్లు తాగి దొరికితే మరణశిక్ష. పేటల్లోని మామూలు పిల్లలు వెళ్లే తెల్పోచ్‌కల్లిలో ఇంత కఠినం లేదు, అంటే గొప్పింట్లో పుట్టినవాడికే ఎక్కువ కష్టం!

పెద్దింటి పిల్లలకే అన్నది సగం నిజం. ఎక్కువమంది వాళ్లే, కాదనను. కానీ ఇద్దరు ప్రధాన పూజారుల్ని ఎంచుకునేటప్పుడు వంశం చూసేవారు కాదని, ఎంత పేదవాడైనా మంచి నడవడి ఉంటే చాలని అదే సంపుటం స్పష్టంగా చెబుతోంది. ఆ పూజారులు తయారయ్యేది ఈ బడిలోనే.

ఇక యుద్ధం, బలి. రెండూ ఉన్నాయి, బలులిచ్చే పూజారులు ఇక్కడ చదివినవాళ్లే. అయితే ‘అంతే’ అనడమే తప్పు. మర్యాదగా మాట్లాడటం, దేవుళ్ల పాటలు, 260 రోజుల పంచాంగం, ఏళ్ల లెక్క, ఇవన్నీ నేర్పేవారు. యుద్ధమే ప్రధానంగా ఉన్నది తెల్పోచ్‌కల్లిలో.

పుస్తకాల్లేవన్న మాటైతే పూర్తిగా అబద్ధం. ఆ పాటలు బొమ్మల లిపిలో పుస్తకాల్లో రాసి ఉండేవని, వాటిని చూసే నేర్పేవారని సహగూన్ రాశాడు. 1521లో నగరం స్పానిష్ వాళ్ల చేతికి చిక్కాక ఆ పుస్తకాల్లో చాలావరకు నాశనమయ్యాయి, అందుకే ఇప్పుడు దాదాపుగా కనిపించవు. 1536లో ఆ నగరం పక్కనే ఉన్న ట్లాటెలోల్కోలో స్పానిష్ వాళ్లు పెట్టిన కళాశాలలో చేరిన స్థానిక ప్రభువుల పిల్లలు లాటిన్ నేర్చుకున్నారు, సహగూన్ గ్రంథం తయారీలో పాలుపంచుకున్నదీ అక్కడ చదివినవాళ్లే.