తలకిందుల తపస్సు

చావుకు మందు కనిపెట్టడం కష్టమని తేలాక, తెలివైనవాళ్లు దాన్ని వాయిదా వేసే పని పెట్టుకున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లోని ఆల్కోర్ సంస్థ, పోయినవాళ్లను స్టీలు తొట్లలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతుంది. సైన్సు ఎదిగాక లేపుతారట. అందాకా వాళ్లు శవాలు కారు, ‘పేషెంట్లు’. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈ ఆసుపత్రిలో అడ్మిషన్‌కు ముఖ్యమైన షరతు, చట్టప్రకారం చచ్చిపోయి ఉండటం.

ఫీజు 2 లక్షల డాలర్ల పైమాటే. తల ఒక్కటే చాలనుకుంటే 80 వేలతో సరి. చాలామంది జీవిత బీమా డబ్బును ఇందుకే రాసిస్తారు. పెళ్లాంపిల్లలు అర్థం చేసుకోవాలి మరి.

నీరు గడ్డకడితే కణాలు చితికిపోతాయి కాబట్టి, రక్తం తీసేసి గడ్డకట్టని రసాయనాలు ఎక్కిస్తారు. అవీ విషమే. అంటే రేపటి డాక్టరు ముందు విషం విరిచి, చలిదెబ్బ బాగుచేసి, అసలు జబ్బు నయం చేసి, తీరిక దొరికితే చావు సంగతి చూడాలి. పైగా పేషెంట్లను తలకిందులుగా నిలబెడతారు. నైట్రోజన్ తగ్గినా తల ఆఖరున కరగాలని. తలకిందులుగా తపస్సు చేసినా జరగదని మనవాళ్లు తేల్చేసిన పనికి సరిగ్గా అదే భంగిమ.

నాకు సైన్సు మీద అనుమానం లేదు. ఉన్నదల్లా బతికున్నవాళ్ల మీదే. కాలిఫోర్నియాలో టీవీలు బాగుచేసే రాబర్ట్ నెల్సన్, 1967లో చనిపోయిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ప్రొఫెసర్‌ను గడ్డకట్టించిన బృందానికి నాయకుడు. తర్వాత చాట్స్‌వర్త్ శ్మశానంలో నేలమాళిగ కట్టించి మరికొందరిని దాచాడు. బంధువులు డబ్బు కట్టడం మానేశారు, నైట్రోజన్ అడుగంటింది. 1979లో సంగతి బయటపడేసరికి అమరత్వం కుళ్లిపోయి ఉంది. బెడ్‌ఫర్డ్ మాత్రం ఇంకా ఆల్కోర్‌లో ఉన్నాడు. ఈ నేలమాళిగ గొడవకు ముందే ఇంటివాళ్లు ఆయన్ని వేరే తీసుకెళ్లి, 1982 దాకా సొంత ఖర్చుతో కాపాడుకున్నారు మరి. ఫ్రాన్స్‌లో మార్టినో దంపతుల్ని కొడుకు ఇంటి నేలమాళిగలోనే ఫ్రీజర్‌లో ఉంచాడు. 2006లో ఫ్రీజర్ చెడిపోయింది, దహనం చేసేశాడు. రష్యాలో 2021లో ఇలాంటి సంస్థ ఒకటి ఎవరిదని విడిపోయిన భార్యాభర్తల మధ్య తగాదా వచ్చి, మాజీ భార్య క్రేన్ తెచ్చి తొట్లను లారీ ఎక్కించింది. దారిలో పోలీసులు ఆపారు. పేషెంట్లు ఏ పక్షమో ఎవరూ అడగలేదు.

ఈ ఉద్యమానికి ఆద్యుడు రాబర్ట్ ఎటింగర్. మిషిగన్‌లో తానే పెట్టిన సంస్థలో 1977లో తల్లిని, 1987లో మొదటి భార్యను, 2000లో రెండో భార్యను భద్రపరిచాడు. 2011లో తానూ వెళ్లి చేరాడు. సైన్సు నిజంగానే గెలిచి, అత్తా ఇద్దరు కోడళ్లూ ఒకే పూట లేచి కూర్చున్నారనుకోండి. ఎటింగర్‌ను వెంటనే లేపాలా, ఇంకో వందేళ్లు ఆగాలా?