పన్నెండో నంబరు తలకిందుల సామికి ఒక అర్జీ

విషయం: నా ఫైలు గురించి తమరు ఇచ్చిన సందేశంపై వివరణ కోరుట.
సూచిక: పోయిన ఆదివారం టారోలో (బొమ్మల పేకతో చెప్పే జోస్యం) నాకు పడిన కార్డు.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా... వద్దులే సామీ, ఈ భాష ఇక్కడితో వదిలేస్తా. పద్నాలుగు నెలలుగా ఇదే రాసి రాసి, పాల ప్యాకెట్ తెమ్మని ఇంట్లో చీటీ రాసినా కింద 'తమ విధేయుడు' అని పడిపోతోంది.

నేనుండేది తిరుపతిలో, బైరాగిపట్టెడలో. మా నాయన పోయాక ఆయన పేరు మీదున్న ఎకరా పాతిక సెంట్ల మామిడి తోటను నా పేరుకు మార్చమని ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకున్నా. ఏ ఆఫీసో చెప్పను, ఉన్న ఫైలు కూడా కనపడకుండా పోతుంది. రాహుకేతువులకు శ్రీకాళహస్తిలో చేయాల్సింది చేశా. స్టేషను బయట చిలక చేత చీటీ కూడా తీయించా. సీతారాముల పట్టాభిషేకం వచ్చింది. పద్నాలుగేళ్ల వనవాసం ముందుంటుందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. చివరికి మా మరదలు, "బావా, టారో ఒక్కటి మిగిలింది, అదీ చూపించుకోరాదా" అంది. అలా ఒక మేడ మీద ఏసీ గదిలో ఆరువందలు కట్టి నీ ముందు కూర్చున్నా.

మేడం కార్డులు కలిపి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఎదురుగా ఉన్న నాకు నువ్వెలా కనిపించావో చెప్తా విను. నీలం చొక్కా, ఎర్ర ప్యాంటు, పసుపు బూట్లు. అడ్డకొయ్య మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలు మడిచి, చేతులు వెనక్కి పెట్టుకుని చిందులేస్తున్నావు. తల చుట్టూ వెలుగు. హమ్మయ్య, పని అయిపోయింది అనుకున్నా.

"వేలాడే మనిషి" అంది మేడం. బల్లకు అటువైపు నుంచి చూడాలట.

"భయపడకండి, ఇది చావు కాదు. చావు పదమూడో నంబరు" అని ధైర్యం చెప్పింది. మీ పక్కింట్లో ఎవరుంటారో తెలిశాక నాకున్న టెన్షన్ రెట్టింపయింది. నీ అర్థం విరామమట, త్యాగమట, లొంగుబాటట, లోకాన్ని కొత్తగా చూడటమట. "ఇంతకీ ఫైలు ఎప్పుడు కదులుతుంది?" అన్నా. "ఫైలు కదలకపోవడం మీకు ఏం నేర్పుతోందో అడగండి" అంది. సామీ, ఈ మాట ఆ ఆఫీసు సూపరింటెండెంటు చెవిన పడితే ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాడు.

నాకొచ్చిన మొదటి అనుమానం ఇది. ఓపిక పట్టమని తిరుపతి వాడికి చెప్పడానికి లండన్ నుంచి మనిషి రావాలా? ఇక్కడ పేపర్లో వాన కబురుతో పాటు ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, క్యూ శిలాతోరణం దాకా పాకిందో లేదో రోజూ వేస్తారు. కాకపోతే ఆ కంపార్టుమెంటులో కూర్చున్నవాడికి పాలు వస్తాయి, ఉప్మా వస్తుంది, ఎంత ఆలస్యమైనా తలుపు తెరుచుకుంటుందన్న భరోసా ఉంటుంది. మేము కూర్చునే వరండాలో ఫ్యాను కూడా లోపలి బల్లల మీదికే తిరుగుతుంది.

మీ మేడం చెప్పిందంతా నమ్మాలో లేదో తెలియక, నీ పూర్వోత్తరాలు తవ్వా. నువ్వు పుట్టింది ఇటలీలో, 15వ శతాబ్దంలో, పేకాటలో. జోస్యానికి కాదు, ఆటకు. ఆ రోజుల్లో అక్కడ ద్రోహులను ఒంటికాలికి కట్టి తలకిందులుగా వేలాడుతున్నట్టు గోడల మీద బొమ్మలు గీసి పరువు తీసేవాళ్లు. నీకు అక్కడున్న పేరే 'ద్రోహి'. ఒక పాత ఇటాలియన్ పేకలో అయితే నీ రెండు చేతుల్లోనూ డబ్బు సంచులున్నాయి. ఏసును పట్టించిన యూదా వెండి నాణేలకు గుర్తని చెప్తారు. తర్వాత ఎవరో ఆ సంచులు లాక్కుని నీ చేతులు వెనక్కి పెట్టారు. మా వాళ్లు నీకంటే తెలివైనవాళ్లు. చేతులు వెనక్కి పోవు, బల్ల కిందికి పోతాయి.

1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబెలాఁ అనే పెద్దమనిషి, టారో అంటే ఈజిప్టు జ్ఞాన గ్రంథమని తేల్చాడు. ఈజిప్టు రాత చదవడం అప్పటికి ఎవరికీ రాదు. షాంపోలియన్ ఆ రాత గుట్టు విప్పింది 1822లో. చదవలేని భాషలో ఏముందో ధైర్యంగా చెప్పేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు కాబట్టి దాన్ని వదిలేద్దాం. నీ గురించి ఆయన చెప్పింది మాత్రం నాకు నచ్చింది. నువ్వు అసలు వేలాడటం లేదట. ఒక కాలు ఆనించి, రెండోది ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటున్న వివేకానివట. పేక అచ్చేసినవాడు నిన్ను తిరగేసి కొట్టాడట. అంటే అచ్చుతప్పు. మా నాయన పేరు మునిరత్నం అయితే అడంగల్‌లో మునిరత్తమ్మ అని పడింది. దాన్ని దిద్దించడానికి ఐదు నెలలు పట్టింది. నీది రెండు శతాబ్దాలు దాటినా దిద్దలేదు. ఆ మాట విన్నాక నీ మీద కొంచెం జాలి కలిగింది, దాచను.

ఫ్రెంచి కార్డుల మీద నీ పేరు 'ల పాందు'. అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు చదివితే మనకు 'పెండు' అని వస్తుంది. వేలాడటానికి లాటిన్లో ఉన్న మాట నుంచే ఆ 'పెండు' పుట్టింది, ఇంగ్లీషు 'పెండింగ్' కూడా అక్కడి నుంచే పుట్టింది. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు సామీ. నా ఫోనులో పద్నాలుగు నెలలుగా 'స్టేటస్: పెండింగ్' అని కనిపిస్తోంది. అంటే నువ్వు నాకు ఎప్పుడో పడ్డావు. పైసా తీసుకోకుండా సర్కారే నీ కార్డు తీసి చూపిస్తుంటే నేను పోయి ఆరువందలు కట్టా.

ఇప్పుడు ఎక్కువమంది వాడే నీ రూపం 1909లో లండన్‌లో అచ్చయినది. ఎలా ఉండాలో వెయిట్ అనే ఆయన చెప్పాడు, పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. 78 కార్డులు. చాలా పెద్ద పని, చాలా కొంచెం డబ్బు అని ఆవిడే ఒక స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. పేక మాత్రం చాలాకాలం పబ్లిషరు పేరుతో, వెయిట్ పేరుతో చెలామణీ అయింది. ఆవిడ 1951లో, చేతిలో పెద్దగా ఏమీ మిగలకుండానే పోయింది. నీ ముఖంలో అంత ప్రశాంతత ఎలా గీయగలిగిందో నాకు అర్థం కాదు.

ఆ వెయిట్ గారు, కొయ్యకు ఆకులున్నాయి చూడండి, ఇది పచ్చి మాను, ఇందులో ఉన్నది ప్రాణమే కానీ చావు కాదు అని రాశాడు. మామిడి రైతుకు ఆకులు చూపించి ఓదార్చడం కుదరదు. మాకు కాయ కావాలి. నువ్వు తిరగబడి పడితే అర్థమేమిటో కూడా రాశాడు: స్వార్థం, జనం గుంపు. తిరుపతిలో ఏ రోడ్డు మీద నిలబడి ఏ కార్డు తిప్పినా ఆ రెండూ ఎలాగూ కనిపిస్తాయి!

నీకు మా వైపు వేలాడేవాళ్లను పరిచయం చేయాలి. త్రిశంకుడి సంగతి ఎటూ అందరికీ తెలుసు. పైవాళ్లు తోసేశారు, కిందినుంచి విశ్వామిత్రుడు ఆపాడు, మధ్యలో తలకిందులుగా ఉండిపోయాడు. రెండు డిపార్టుమెంట్ల మధ్య ఫైలు అన్నమాట. ఆయనకంటే నాకు కొమ్మదాసరి నచ్చుతాడు. మా నాయనమ్మ చెప్పేది. ఊరి నడుమ చెట్టెక్కి, కొమ్మకు వేలాడుతూ "పడతా, పడతా" అని కేకలేసేవాడట. "పడొద్దు నాయనా" అని అమ్మలక్కలు చేటలో బియ్యం తెచ్చి పోస్తే గానీ దిగేవాడు కాదట. వేలాడటాన్ని బేరానికి పెట్టొచ్చని తెలిసినవాడు వాడు. నువ్వున్నావు, ఐదారు వందల ఏళ్లుగా వేలాడుతూ ఒక్కసారైనా "పడతా" అన్నావా?

ఇంకొకాయన ఉన్నాడు. మా చిత్తూరు వైపు ధర్మరాజుల గుడి తిరునాళ్లలో మహాభారతం జరుగుతుంది. అర్జునుడి వేషం కట్టినాయన తపస్సు మాను ఎక్కుతాడు. తాటిచెట్టంత ఎత్తు. ఒక్కో మెట్టుకూ పద్యం పాడుతూ పోతాడు. పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూది విసురుతుంటే కింద పిల్లల్లేని ఆడవాళ్లు కొంగు పట్టుకుని నిలబడతారు. ఎండకు కళ్లు తిరిగినా ఎవరూ కదలరు. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని చూశా. ఆయనా ఎండలో, ఎత్తులో, ఒంటరిగా ఉంటాడు. కానీ పాశుపతాస్త్రం కావాలని ఎక్కుతాడు, అది దొరికాక ఎక్కిన రోజే దిగుతాడు. ఏం కావాలని ఎక్కావు నువ్వు? ఎవరడిగినా చెప్పవు, తల చుట్టూ వెలుగొకటి పెట్టుకుంటావు. ఆ వెలుగు చూపించి మీ మేడం నన్ను లొంగిపొమ్మంటుంది.

లేచేటప్పుడు ఆమె నీ ఫొటో పంపి, "వాల్‌పేపర్‌గా పెట్టుకుని రోజూ ధ్యానం చేయండి" అంది. పెట్టుకున్నా. మొన్న సోమవారం గ్రీవెన్స్‌కు పోతూ నిన్ను కూడా తీసుకుపోయా. గుమాస్తా నా అర్జీ నంబరు అడిగితే, చూసి చెప్పడానికి ఫోను బల్ల మీద పెట్టి స్క్రీను వెలిగించా. నా వైపు నుంచి నువ్వు ఎప్పటిలాగే వేలాడుతున్నావు.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, అటువైపు నుంచే తొంగి చూశాడు.

"ఎవురు సామీ ఈ పిల్లోడు? భలే ఎగరతా ఉండాడే!"

ఇట్లు,
అర్జీదారుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.