అమ్ముడయ్యే సరుకే అడ్డుపడింది

హన్మకొండలో పిల్లలకు ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లిన తండ్రి ఇప్పటికీ ముందు అడిగే మాట "ఇంటెలేనా?" అనే. మూత తెరవగానే కనిపించే ఆ చిన్న స్టిక్కర్ మీద మనవాళ్లకు అంత నమ్మకం. కంప్యూటర్ చిప్‌లు చేసే అదే ఇంటెల్‌ను 2024 నవంబరులో అమెరికా షేర్ మార్కెట్‌లోని డౌ జోన్స్ సూచీ నుంచి తీసేసి, ఆ చోట మరో చిప్‌ల కంపెనీ ఎన్విడియాను కూర్చోబెట్టారు. ఆ ఏడాది ఇంటెల్ నష్టం 1,800 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి సెప్టెంబరులో ఎన్విడియాయే 500 కోట్ల డాలర్లతో ఇంటెల్‌లో వాటా కొంటానని ముందుకొచ్చింది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇంటెల్‌కు ఈ సామెత నప్పదు. అది కూర్చుని తినలేదు. పరిశోధన మీద ఏటా వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పోసింది. చిక్కంతా బాగా అమ్ముడయ్యే సరుకుతోనే వచ్చింది. ఐఫోన్ రాకముందు ఆపిల్ చిప్ అడిగితే, ఆ ధరకు గిట్టదని అప్పటి అధిపతి పాల్ ఒటెల్లిని వద్దన్నారు. ఖర్చు అంచనా తప్పిందని, అమ్మకాలు ఎవరూ ఊహించనంతగా పెరిగాయని 2013లో ఆయనే ఒప్పుకున్నారు. అయినా ఆ రోజు చేతిలో ఉన్న అంకెలతో చూస్తే ఆయన నిర్ణయం వింతేమీ కాదు. కంప్యూటర్ చిప్‌ల మీద దండిగా మిగులుతుంటే చిల్లర లాభానికి ఫోన్ చిప్ ఎవరు చేస్తారు? వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఏ అడ్తిదారును అడిగినా ఇదే చెబుతాడు.

ఎన్విడియా అప్పట్లో కంప్యూటర్ ఆటలకు కావాల్సిన గ్రాఫిక్స్ కార్డులు అమ్ముకునే కంపెనీ. ఆ కార్డుల మీద వేరే లెక్కలూ చేయించొచ్చంటూ 2006లో 'కుడా' అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించింది. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి రెండు కార్డులతోనే బొమ్మల్ని గుర్తుపట్టే పోటీ గెలిచారు. ఏఐ పరుగు అక్కడ అందుకుంది.

ఇంటెల్ ఎదిగిందీ ఇలాగే లెండి. 1981లో అప్పటి కంప్యూటర్ల దిగ్గజం ఐబీఎం తన పీసీకి ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టంను మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకుంది. ఇంటెల్ పెరిగింది, ఐబీఎం మాత్రం 2005లో ఆ పీసీ వ్యాపారాన్నే లెనోవోకు అమ్ముకుంది.

1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పని దొరికితే చాలు, ఇక టెన్షన్ లేదనుకున్న ఊరు మనది. ఆ మిల్లు మూతపడింది. అయినా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో తల్లిదండ్రులు అడిగేది 'క్యాంపస్‌కు ఏ పెద్ద కంపెనీ వస్తుంది?' అనే. ల్యాబులో ఏం నేర్పుతారని అడిగేవాళ్లు అరుదు.

ఎన్నో కాలేజీల ల్యాబుల్లో ఇంకా 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్ మీదే ప్రయోగాలు చేయిస్తున్నారు. దాన్ని తీసేయమని మేం అనడం లేదు. ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో చూపడానికి అది ఇప్పటికీ మంచి పాఠమే. దాని పక్కనే గ్రాఫిక్స్ కార్డున్న సిస్టం కూడా పెట్టాలి. ఒకే మ్యాట్రిక్స్ గుణకారాన్ని మామూలు ప్రాసెసర్ మీద ఒకసారి, ఆ కార్డు మీద ఒకసారి చేయిస్తే వేగంలో తేడా పిల్లలకే తెలుస్తుంది. ప్రతి చిన్న కాలేజీ అంత ఖర్చు పెట్టలేదు. అందుకే వరంగల్ ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం వేసవి సెలవుల్లో తమ ల్యాబులను జనగామ, కరీంనగర్, మహబూబాబాద్ విద్యార్థులకు వంతులవారీగా తెరవాలని కోరుతున్నాం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శిలాఫలకం అసలే అక్కర్లేదు.