మునకే సుఖం: హన్మకొండ వ్యాఖ్యానం

పాత పాటలకు తాత్పర్యాలు చెప్పడం పండితుల పని అనుకునేవాణ్ణి. హన్మకొండలో మా బామ్మర్ది ఉండగా వాళ్లకెందుకా శ్రమ?

1953లో వచ్చిన ‘దేవదాసు’లో సముద్రాల సీనియర్ రాస్తే ఘంటసాల పాడిన ‘కుడి ఎడమైతే’ పాట వాడి రింగ్‌టోన్. సుడిలో దూకాక ఎదురీదొద్దు, మునకే సుఖమనుకో అంటుందా పాట. ప్రేమలో ఓడి, తాగి చెడినవాడి గోడు అది అని నాలాంటి అల్పజ్ఞులు అనుకుంటారు. మావాడికి అది టైంటేబుల్.

‘ఓడిపోలేదోయ్’ అన్న ముక్కకు వాడి వ్యాఖ్యానం మొన్న కేయూ జంక్షన్ టీకొట్టు దగ్గర విన్నాను. "పరీక్ష రాస్తే గద బావా, ఓడిపోయేది!"

అంత తేలిగ్గా పుట్టిన సిద్ధాంతం కాదిది. 2022 డిసెంబరులో 783 పోస్టులకు గ్రూప్-2 నోటిఫికేషన్ పడగానే సంచెడు పుస్తకాలు కొన్నాడు. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి, 2024 డిసెంబరులో గానీ జరగలేదు. వాయిదా పడ్డప్పుడల్లా మాకు వాడే టీ తాగించాడు. (వాడి డబ్బుతో టీ తాగిన సందర్భాలు మళ్లీ లేవు.) తీరా హాల్‌టికెట్ చేతికొచ్చాక, "సగం చదివి రాస్తే పరువు పోతది" అని ఇంట్లోనే ఉన్నాడు. వాడి చరిత్ర పుస్తకంలో కాజీపేట బస్సు టికెట్ గుర్తు పెట్టిన పేజీ నేను చూశాను. గణపతిదేవుడి దగ్గర ఆగింది. పాపం రుద్రమదేవి ఇప్పటికీ పట్టాభిషేకం కోసం ఎదురుచూస్తోంది.

వ్యాఖ్యాతను ఇరుకున పెడదామని ఒక సంగతి బయటకు తీశాను. ఆ తాగుబోతు కళ్ల కోసం అక్కినేని మందు ముట్టలేదు, రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని ఆ మత్తులో నటించానని ఆయనే చెప్పుకున్నారు. మునిగినట్టు కనిపించడానికి కూడా అంత కష్టం చేయాలిరా అన్నాను.

మావాడు ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచి ఆలోచించాడు. బిస్కెట్ విరిగి అడుక్కి పోయింది. దాన్ని తీసే ప్రయత్నమేమీ చేయలేదు.

"ఆయన తిన్నంక నిద్ర ఆపుకున్నడు బావా. నేను ఆపుకుంటలేను. గంతే తేడా."

అంతలో ఘంటసాల మోగాడు. అవతల మా అత్తమ్మ: "పెరుగన్నం కలిపిన, వస్తవా రావా?"

అంత వేగంగా లేవడం వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. యూటర్న్ దూరమని బండిని రాంగ్ రూట్లో తిప్పాడు. కుడి ఎడమైంది. ఎదురుగా ఫోన్ పట్టుకుని ఫొటో తీస్తున్న కానిస్టేబుల్‌కు ఆ పాట వచ్చో రాదో.