వంతెన మీద పేరు ఎవరిది?

మెల్‌బోర్న్ డాక్‌లాండ్స్‌లో ఆఫీసులున్న మనవాళ్ళు చాలామంది యారా నది ఒడ్డున జిమ్ స్టైన్స్ వంతెన మీదుగానే నడిచి వెళ్తుంటారు. నేనూ చాన్నాళ్ళు నడిచాను, ఎవరో పాత మేయర్ అయ్యుంటాడనుకుంటూ. సిగ్గుచేటే.

ఆయన ఐర్లాండ్‌లోని డబ్లిన్ నుంచి వచ్చిన ఫుటీ (ఆస్ట్రేలియా వాళ్ళ సొంత ఫుట్‌బాల్) ఆటగాడు. 1984 చివర్లో, 18 ఏళ్ళ వయసులో, మెల్‌బోర్న్ క్లబ్ స్కాలర్‌షిప్ ఇస్తే వచ్చాడు. వాళ్ళ గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రం, ఇక్కడ కోల, కిందపడితే ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. ప్రహ్రాన్ అనే చిన్న క్లబ్బులో ఆట నేర్చుకుని 1987లో పెద్ద జట్టులోకొచ్చాడు.

ఆ ఏడాదే కొంప మునిగింది. 1964 తర్వాత మొదటిసారి ఫైనల్స్ దాకా వచ్చిన జట్టు, హాథార్న్ జట్టుని ఓడిస్తే గ్రాండ్ ఫైనల్ (కప్పు ఎవరిదో తేల్చే ఆట), చివరి క్షణాల్లో 4 పాయింట్లు ముందుంది. హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకి ఫ్రీ కిక్ వచ్చింది గానీ గోలు చాలా దూరం. సరిగ్గా అప్పుడు మనవాడు పరిగెత్తుతూ, కిక్ కొట్టేవాడికీ ఎదురుగా కాపు కాస్తున్నవాడికీ మధ్యలోంచి అడ్డంగా వెళ్ళాడు. రూల్ ప్రకారం వెళ్ళకూడదు. బకెనారాని 15 మీటర్లు ముందుకు జరిపారు, సైరన్ మోగాక గోలు కొట్టాడు, గోలుకి 6 పాయింట్లు, మెల్‌బోర్న్ 2 పాయింట్లతో ఓడిపోయింది.

ఇదే మనింట్లో జరిగుంటే? "నలుగురిలో పరువు తీశావు కదరా" అని మొదలుపెట్టి, పెదనాన్న కొడుకుతో పోల్చి, పిల్లాడికి ఆ బంతి మొహమే చూడబుద్ధి కాకుండా చేసుండేవాళ్ళం.

స్టైన్స్ 1991లో 'బ్రౌన్‌లో' అనే మెడల్ గెలిచాడు, అంటే ఆ ఏడాదికి లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు, అది రికార్డు. పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలినా ఆడేశాడంటారు. దాన్ని మాత్రం నేను మెచ్చుకోను, మావాడు అలా చేస్తే కాళ్ళు విరగ్గొడతాను (అప్పుడెలాగూ ఆడలేడు).

ఆటలో ఉండగానే 1994లో ఇంకొకరితో కలిసి టీనేజ్ పిల్లల కోసం రీచ్ అనే సంస్థ పెట్టాడు. లోపలున్న భయాలు బయటికి చెప్పుకోనిచ్చే వర్క్‌షాపులవి. 2008లో అప్పుల్లో మునిగిన పాత క్లబ్బుకే ప్రెసిడెంట్ అయ్యాడు, మరుసటి ఏడాది క్యాన్సర్ బయటపడింది, చికిత్స జరుగుతుండగానే అప్పు తీర్పించాడు. 2012 మార్చిలో 45 ఏళ్ళకే పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

ఇప్పుడు మన అసోసియేషన్ సంగతి. ఉగాదికి ఏటార్ (ఇక్కడ పన్నెండో తరగతి తర్వాత వచ్చే ర్యాంకు) 99 వచ్చిన పిల్లల్ని స్టేజీ ఎక్కించి శాలువాలు కప్పుతాం. కప్పండి, తప్పేం లేదు. కానీ 65 వచ్చిన పిల్లాడు ఆ రోజు తలనొప్పని చెప్పి ఇంట్లోనే ఉండిపోతాడు, వాళ్ళమ్మ వచ్చినా అందరికంటే ముందే భోంచేసి వెళ్ళిపోతుంది, టెన్షన్, ఎవరైనా అడుగుతారేమోనని. వచ్చే ఉగాదికి నాకో పది నిమిషాలివ్వండి. 1987 నాటి ఆ వీడియో వేస్తాను. ఆ ఇద్దరినీ రమ్మని పిలిచే బాధ్యత కూడా నాదే.