ఖాళీల ప్రశ్నకు నిండైన జవాబు

ప్రధాన మంత్రి పార్లమెంటులో ప్రశ్నలకు జవాబు చెప్పరని గిట్టనివారు సాగిస్తున్న ప్రచారాన్ని పత్రాల సాక్షిగా ఖండించడం ఈ వ్యాసం ఉద్దేశం. కేంద్ర ప్రభుత్వోద్యోగాల ఖాళీల మీద లోక్‌సభలో వచ్చిన ఏ ప్రశ్న ప్రతినైనా తీసి చూడండి. ఈ కింది విషయాలను ప్రధాన మంత్రి దయతో తెలియజేస్తారా అన్న మర్యాద వాక్యంతోనే అది మొదలవుతుంది. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, పింఛన్ల శాఖ ప్రధాని దగ్గరే ఉంటుంది గనుక ప్రశ్న సరైన చిరునామాకే చేరినట్టు లెక్క. దాని కింద సమాధానం అన్న శీర్షిక, ఆ శీర్షిక కింద 2014 నుంచి ఆ శాఖకు సహాయ మంత్రిగా ఉన్న డాక్టర్ జితేంద్ర సింగ్ పేరు ఉంటాయి. పిలిచింది ఒకరినైతే పలికింది మరొకరేమిటని తొందరపడి నొసలు చిట్లించనక్కరలేదు. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుందని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది. బాధ్యతను అందరూ పంచుకోవాలని శాసించిన రాజ్యాంగం, అందులో ఇబ్బందికరమైన వాటాను సహాయ మంత్రికి పంచకూడదని ఎక్కడా అనలేదు.

ఈ ఏర్పాటు ఇప్పటి ప్రభుత్వం కనిపెట్టిందనుకుంటే పాతవారికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. మన్మోహన్ సింగ్ హయాంలోనూ శాఖ ప్రధానిదే, జవాబులు మాత్రం కొన్నాళ్లు పృథ్వీరాజ్ చవాన్‌వి, ఆ తరువాత వి. నారాయణస్వామివి. ప్రభుత్వాలు మారినప్పుడు పాలనా విధానాలు తలకిందులవుతున్నాయని బెంగపడే మేధావులు కనీసం ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రశ్న అడగడం కూడా ఆషామాషీ వ్యవహారం కాదు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి, ప్రధాని శాఖల వంతు వచ్చే వారం చూసుకోవాలి. లోక్‌సభలో అది బుధవారం, రాజ్యసభలో గురువారం. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు దక్కుతుంది, అంటే వాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. అవి ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతాయి, వాటి మీద మాత్రమే సభ్యులు లేచి అనుబంధ ప్రశ్న వేయగలరు. ప్రశ్నోత్తరాలకు కేటాయించిన గంట గడిచేలోగా ఆ 20లోనూ చివరి వాటి దాకా సభ చేరుకోవడం అరుదు. నక్షత్రం లేని 230 ప్రశ్నలు తెల్ల కాగితం మీదికి పోతాయి. వాటికి జవాబు కాగితంగానే వస్తుంది, కాగితంగానే ఉండిపోతుంది, ఎదురు ప్రశ్న వేయడానికి అక్కడ మనిషి ఉండడు. 2020 సెప్టెంబరులో కొవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్ని పూర్తిగా ఎత్తివేసి లిఖితపూర్వక జవాబులను మాత్రం కొనసాగించినప్పుడు, నిలబడి అడిగే ప్రశ్న ద్వారా సోకే వ్యాధి రాసి అడిగే ప్రశ్న ద్వారా సోకదన్న వైద్య సత్యం కూడా తేలిపోయింది. ఆ సమావేశాల్లోనే, లాక్‌డౌన్‌లో స్వస్థలాలకు తిరిగి వెళుతూ మరణించిన వలస కార్మికులు ఎందరని కార్మిక శాఖను అడిగారు. అలాంటి సమాచారం నిర్వహించడం లేదన్నది జవాబు. వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అన్న తరువాతి భాగానికి, పై జవాబు దృష్ట్యా ఆ ప్రశ్నే ఉత్పన్నం కాదని రాశారు. తర్కశాస్త్రం దృష్టితో చూస్తే ఇందులో వేలు పెట్టే సందు లేదు. లెక్క లేకపోతే చావు లేదు, చావు లేకపోతే పరిహారం లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవారికి చరిత్ర తెలియదు. పూర్వం ఒకసారి ప్రమాదం జరిగింది. వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ సొమ్ము ఎందుకు పెట్టారని 1957లో సభ్యులు ప్రశ్నలు వేస్తే, వచ్చిన జవాబుల్లో పొసగని వాటిని ఫిరోజ్ గాంధీ పట్టుకున్నారు. ఆయన పాలక పక్షం సభ్యుడు, పైగా ప్రధానికి స్వయానా అల్లుడు. వ్యవహారం న్యాయమూర్తి చాగ్లా విచారణ దాకా వెళ్లి, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయవలసి వచ్చింది. జవాబులో విషయం ఉంటే ఏమవుతుందో ఢిల్లీ కార్యదర్శులకు ఆనాడే అర్థమైంది. అప్పటి నుంచి పాము చావకుండా, కర్ర విరగకుండా జవాబు రాయడం ఒక విద్యగా వృద్ధి చెందింది.

ఆ విద్యకు పరాకాష్ఠ 2022 జూలై 27, బుధవారం నాటి జవాబు. ప్రశ్న వేసినవారు అప్పటి మల్కాజ్‌గిరి ఎంపీ ఎ. రేవంత్ రెడ్డి. 2014-15 నుంచి 2021-22 వరకు ఎనిమిదేళ్లలో కేంద్ర ఉద్యోగాలకు వచ్చిన దరఖాస్తులు 22,05,99,238 అని, నియామకానికి సిఫార్సు అయినవారు 7,22,311 మంది అని సర్కారు ఒక్క అంకె కూడా దాచకుండా చెప్పింది. ప్రభుత్వానికి పారదర్శకత లేదనే నోళ్లు దీనితో మూతపడి ఉండాలి. సగటున ఒక ఉద్యోగానికి 305 దరఖాస్తులు. ఎన్నికలకు ముందరి సంవత్సరమైన 2018-19 మరింత ఘనమైనది. ఆ ఏడాది దరఖాస్తులు 5 కోట్ల 9 లక్షలు దాటాయి, సిఫార్సు అయినవారు 38,100 మంది. దరఖాస్తులు అన్ని ఏళ్లకంటే ఎక్కువ, ఉద్యోగాలు అన్ని ఏళ్లకంటే తక్కువ. ఇందులో దేశభక్తి కూడా ఉందని గమనించాలి. వచ్చేది ఉద్యోగం కాదని తెలిసీ ఒకే మనిషి నాలుగైదు చోట్ల రుసుము కట్టి, ఫోటో అంటించి, సంతకం అప్‌లోడ్ చేసి ప్రభుత్వం మీద నమ్మకం ప్రకటించడం సామాన్యమైన సంగతి కాదు. ఏ అభిప్రాయ సేకరణలోనైనా ఏ ప్రభుత్వానికైనా 22 కోట్ల సార్లు విశ్వాసం ప్రకటించిన జనం ఉన్నారా?

అయితే ఉద్యోగాలే లేవేమోనని అనుమానించకూడదు. పుష్కలంగా ఉన్నాయి. 2021 మార్చి 1 నాటికి మంజూరైన పోస్టులు 40,35,203, పనిచేస్తున్నవారు 30,55,876, ఖాళీలు 9,79,327 అని అదే జూలైలో పార్లమెంటుకు తెలిపారు. అంతకుముందు ఏడాది మార్చి 1కి ఖాళీలు 8,72,243. రాబడి సన్నగిల్లిందన్న కాలంలో కూడా సంవత్సరానికి లక్షకు పైగా పెరిగిన ప్రభుత్వ సంపద ఇంకొకటి ఉందేమో ఆర్థికవేత్తలే చెప్పాలి. ఇందులో ఒక్క రైల్వేల వాటాయే సుమారు 2.93 లక్షలు. 2022లో అడిగితే 2021 మార్చి లెక్క చెప్పారేమని కొందరు సణిగారు. ఆర్థిక శాఖ వ్యయ విభాగంలోని పే రీసెర్చ్ యూనిట్ వార్షిక నివేదిక వచ్చిన తరువాతే లెక్క అని తెలిస్తే ఆ సణుగుడు ఉండదు. ఖాళీని లెక్కపెట్టే పనికి కూడా మనుషులు కావాలి గదా.

ఖాళీలు ఎప్పటికి నిండుతాయన్న భాగానికి ఏటా ఒకే జవాబు వస్తుంది. పదవీ విరమణ, రాజీనామా, మరణం, పదోన్నతి వల్ల ఖాళీలు ఏర్పడుతుంటాయని, వాటిని నింపడం నిరంతర ప్రక్రియ అని. దీనిలోని వేదాంతాన్ని మనవాళ్లు సరిగా గ్రహించలేదని నా అభిప్రాయం. మొదలూ తుదీ లేనిదానికి గడువు అడగడమే అజ్ఞానం. గడువు అడిగి తీరాలనుకునే మొండివాళ్ల కోసం సమాచారం సేకరిస్తున్నామనే మరో జవాబు ఉంది. అది హామీ కిందికి వస్తుంది, మూడు నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే చూడడానికి 1953 నుంచి లోక్‌సభలో హామీల కమిటీ పనిచేస్తోంది. మంత్రిత్వ శాఖలు గడువు పెంచమని దానిని కోరవచ్చు, కుదరకపోతే హామీని వదిలేయమనీ కోరవచ్చు.

ప్రధాని స్వయంగా మాట్లాడనే మాట్లాడరా అంటే, అది కూడా అపవాదే. 2022 జూన్ 14న, ఏడాదిన్నరలో 10 లక్షల మందిని నియమించాలని ఆయన ఆదేశించినట్టు ప్రధాని కార్యాలయమే ప్రకటించింది. అక్టోబరు 22న రోజ్‌గార్ మేళాలో 75,000 మందికి నియామక పత్రాలు అందించే కార్యక్రమాన్ని ఆయనే ప్రారంభించారు. అక్కడ ప్రసంగం ఉంది, తెర ఉంది, దేశమంతటా కేంద్రాల్లో చప్పట్లు ఉన్నాయి, అనుబంధ ప్రశ్న మాత్రం లేదు. పని విభజన ఇంత స్పష్టంగా ఉన్న ప్రభుత్వ శాఖ మరొకటి లేదు: ఖాళీ గురించి చెప్పేది సహాయ మంత్రి, భర్తీ గురించి చెప్పేది ప్రధాన మంత్రి.

బ్రిటన్‌లో ఈ నాజూకు లేదు పాపం. అక్కడ 1961 నుంచి ప్రధానికి ప్రశ్నల వేళ నిర్ణయించి పెట్టారు. వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున ఉన్నదాన్ని 1997లో టోనీ బ్లెయిర్ బుధవారం అరగంటగా మార్చారు. అక్కడి సభ్యుడు ప్రధానిని ఈ రోజు కార్యక్రమాలేమిటని అడుగుతాడు, సహచర మంత్రులతోనూ ఇతరులతోనూ సమావేశమయ్యానని ఆయన చెబుతాడు, ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఆసుపత్రి నర్సుల కొరత గురించి కావచ్చు, ఊళ్లో బస్సు గురించి కావచ్చు. ముందుగా తెలియని ప్రశ్నకు దేశాధినేత స్థాయి మనిషిని అందరి ముందూ నిలబెట్టడం మన మర్యాదలకు సరిపడదు. ఆయనా అసలు జవాబు దాటవేస్తాడు కానీ, పాపం, నిలబడి దాటవేయాలి.

ఈ పని విభజన ఢిల్లీకే పరిమితమనుకుంటే తెలంగాణ ఏమనుకుంటుంది? 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు శాసనసభలో తానే లేచి 91,142 ఖాళీలున్నాయని, వాటిలో 11,103 కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించి, 80,039 పోస్టులను భర్తీ చేస్తామని చెప్పారు. భర్తీ గనుక పెద్దాయనే చెప్పారు, సూత్రం చెడలేదు. ఆ వరుసలో వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి ప్రశ్నపత్రం లీకై, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దయింది. ప్రశ్నలు ముందుగానే చేతికి అందే సౌకర్యం మంత్రులకే ఎందుకు ఉండాలని ఎవరో అనుకున్నారు కాబోలు.

2023 డిసెంబరులో, లోక్‌సభలో ఆ 22 కోట్ల ప్రశ్న వేసిన సభ్యుడే ముఖ్యమంత్రి అయ్యారు. తొలి ఏడాదిలో 2 లక్షల ఉద్యోగాలన్నది ఆయన పార్టీ మాట. 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ఆయన స్వయంగా నియామక పత్రాలు అందించారు. ఆ నోటిఫికేషన్ గత ప్రభుత్వానిదన్న మాట వేదిక మీద చెప్పుకునేది కాదు. ఆగస్టు 2న శాసనసభకు ఉద్యోగాల క్యాలెండర్ వచ్చింది. దాన్ని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క చదివారు. ఏ నెలలో ఏ నోటిఫికేషన్ వస్తుందో అందులో ఉంది, ఎన్ని పోస్టులో లేదని ప్రతిపక్షం గొడవ చేసింది. అంకెలు చెప్పి చిక్కుల్లో పడడమెలాగో ఒకప్పుడు అవతలి వరుసలో కూర్చుని చూసినవారికి ఆ గొడవ కొత్తగా అనిపించి ఉండదు.

పార్లమెంటు జవాబుల వల్ల నిరుద్యోగికి ఒరిగిందేమిటని చివరికి ఎవరైనా అడగవచ్చు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థులకు భారత రాజ్యవ్యవస్థ ఒక ముఖ్యమైన పాఠ్యాంశం. నక్షత్ర ప్రశ్నలెన్ని, నక్షత్రం లేనివెన్ని, ఏది ఏ రంగు కాగితం మీద అచ్చవుతుంది, హామీ తీర్చడానికి ఎన్ని నెలల గడువు, అనుబంధ ప్రశ్నకు ఎవరు అర్హులు అన్నవి అక్కడ ఎవరిని అడిగినా, 15 రోజుల నోటీసు లేకుండా, సహాయ మంత్రిని పంపకుండా, అక్కడికక్కడే చెబుతారు.