కంప్రెసర్ ట్యాంకుకు అతుకు వేస్తే సరిపోతుందా?

పంక్చర్ షాపుల వాళ్ల గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. సారాంశం ఇదీ: "పాత కంప్రెసర్ ట్యాంకు చిల్లు పడితే కొత్తది కొని డబ్బు తగలేయకండి. చిల్లు మీద ప్లేటు ముక్క పెట్టి వెల్డింగ్ చేయించండి, సబ్బు నురగతో లీకు చూసుకోండి. లేదా ఖాళీ గ్యాస్ సిలిండర్ బిగించండి, అది 25 కేజీల ప్రెషర్‌కు టెస్ట్ చేసిన సరుకు. సేఫ్టీ వాల్వ్ ఎలాగూ ఉంది, టెన్షన్ వద్దు." ఇందులో పూర్తి నిజం ఒక్కటే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ చిల్లు సంగతి. ఈ ట్యాంకుల్ని ఎక్కువగా తినేసేది లోపలి తుప్పే. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో సుమారు 28 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని తొమ్మిదో వంతుకు నొక్కి చల్లారనిస్తే అందులో చాలా భాగం నీళ్లై ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ నీళ్లు వదలడానికి ట్యాంకు అడుగున ఉండే కుళాయిని, అంటే డ్రెయిన్ కాక్‌ను, రోజూ తిప్పే షాపులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఆమధ్య మా దగ్గరికి వచ్చిన ఒక ట్యాంకుకు గాలంతా వదిలేసి కాక్ విప్పితే చుక్క రాలేదు. మడ్డి అడ్డుపడింది. తీగతో పొడిస్తే బెల్లం పాకం రంగు నీళ్లు అర బకెట్టు దిగాయి. ఆ ట్యాంకును కోయించి చూశాం. పైభాగం రేకు బాగానే ఉంది. అడుగున మాత్రం జానెడు వెడల్పున, పొడుగూతా పొక్కులు; గోటితో గీకితే పొరలు పొరలుగా లేచొచ్చింది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతోంది!

అంటే సూది మొనంత చిల్లు ఒక్కచోట పడేసరికి చుట్టూ చాలా మేర రేకు పలచబడిపోయి ఉంటుంది. దాని మీద వెల్డింగ్ పెడితే కరిగి ఇంకో చిల్లు పడుతుంది. పడకుండా అతుకు నిలిస్తే అదింకా ప్రమాదం. గట్టి ప్లేటు అంచు పక్కనే అప్పడంలాంటి రేకు ఉంటుంది, చీలితే అక్కడే చీలుతుంది. చిల్లు మీద ఎంసీల్ (గట్టిపడే లప్పం) పూసే వాళ్ల గురించి చెప్పడం కూడా దండగ.

"సబ్బు నురగ పెట్టాం, ఒక్క బుడగ రాలేదు" అంటారు. నురగ లీకును చూపిస్తుంది, రేకు బలాన్ని చూపించదు. బలం చూడాలంటే ట్యాంకు నిండా నీళ్లు నింపి, పనిచేసే ప్రెషర్‌కు సాధారణంగా ఒకటిన్నర రెట్లు ఎక్కించాలి. గాలితో కాకుండా నీళ్లతో ఎందుకంటే, నీళ్లు దాదాపు నొక్కుకుపోవు కాబట్టి ట్యాంకు చీలినా పేలుడులా ఎగిరిపడదు. గాలి అలా కాదు. 100 లీటర్ల ట్యాంకులో 8 కేజీల (అంటే చదరపు సెంటీమీటరుకు 8 కేజీల) ప్రెషర్‌తో ఉన్న గాలి ఒక్కసారిగా బయటపడితే, లెక్క ప్రకారం టన్ను బరువున్న కారును 10 మీటర్ల ఎత్తుకు లేపేంత శక్తి. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న డిష్ ఎండ్ (ట్యాంకు చివరన ఉండే ఉబ్బెత్తు మూత) మీద ఆ ప్రెషర్‌కు పడే తోపుడు 10 టన్నులు. మన కుర్రాడు టైరు ముందేసుకుని కూర్చునేది సరిగ్గా దాని పక్కనే.

సేఫ్టీ వాల్వ్ మాట. అది 9 కేజీలకో 10 కేజీలకో తెరుచుకునేలా పెట్టి ఉంటుంది. తుప్పు తిన్న ట్యాంకు 7 కేజీలకే పగిలితే అదేం చేస్తుంది? దానికి తెలిసింది ప్రెషర్ ఒక్కటే, రేకు మందం దానికి తెలియదు.

ఇక గ్యాస్ సిలిండర్. 25 కేజీల టెస్ట్ మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ అది కొత్తగా, మచ్చ పడకుండా ఉన్న సిలిండర్ సంగతి. డ్రెయిన్ కోసం, పైపుల కోసం దానికి చిల్లులు పొడిచి సాకెట్లు వెల్డింగ్ చేశాక ఆ టెస్టుకు విలువ లేదు. డ్రెయిన్ పెట్టకపోతే నీళ్లు లోపలే నిలిచి తుప్పు మళ్లీ మొదలు. లోపల మిగిలిన గ్యాస్‌కు వెల్డింగ్ నిప్పు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా 14.2 కేజీల సిలిండర్‌లో పట్టేది 33 లీటర్ల చిల్లర. 100 లీటర్ల ట్యాంకు స్థానంలో అది పెడితే మోటారు ఊరికే ఆగుతూ, మొదలవుతూ వేడెక్కిపోతుంది. ఇంతకీ ఆ సిలిండర్ మనది కూడా కాదు, డిపాజిట్ కట్టి వాడుకుంటున్న గ్యాస్ కంపెనీది.

డబ్బు దండగ అన్నది కూడా సగమే నిజం. ట్యాంకు పోతే కంప్రెసర్ మొత్తం పోయినట్టు కాదు. గాలిని నొక్కే హెడ్డు, మోటారు, ప్రెషర్ నిండగానే మోటారును ఆపే ప్రెషర్ స్విచ్ బాగుంటే ఉత్త ట్యాంకు కొని వాటిని దాని మీదికి మార్చుకోవచ్చు. పని చేసే ప్రెషర్, టెస్ట్ ప్రెషర్ గుద్దిన పేరు పలక ఉన్న ట్యాంకే తీసుకోండి. హెడ్డు బిగించే బోల్టుల చిల్లులు, బెల్టు లైను కలిశాయో లేదో చూసుకోండి. ట్యాంకులోని గాలి వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్, సేఫ్టీ వాల్వ్ కొత్తవి వేయించండి.

పాత ట్యాంకును ఇనుప కొట్టుకు వేసేముందు గాలంతా వదిలి, రెండు ముక్కలుగా కోయించండి. లేకపోతే రంగు పూసుకుని నెల తిరక్కుండా ఇంకో షాపులో తేలుతుంది.